నేను చెప్పని పడుగు

మా మనవరాలు హారికకు బడిలో టీచరమ్మ ఒక పని అప్పజెప్పింది. ఇంట్లోని పెద్దవాళ్ళ వెంట కాలినడకన తమ పేట అంతా తిరిగి, ఎక్కడ ఏముందో ఒక చార్టు మీద గీసుకుని తీసుకురావాలి. ఫోనులో చూసి గీస్తే మార్కులు లేవు. ఈ చివరి షరతు విని నాకా టీచరమ్మ మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. ముప్పై ఏళ్ళు నేనూ పంతులమ్మగా పనిచేశాను గానీ ఇంత మంచి ఇంటిపని ఒక్కటి ఇచ్చిన పాపాన పోలేదు. మా వాడికి పట్టుచీరల అంగడి వదిలి వచ్చే తీరిక లేదు. కోడలికి ఇంట్లో వారమంతా మిగిలిపోయిన పనులు. కాబట్టి ఆదివారం పొద్దున్నే మోకాళ్ళకు తైలం రుద్దుకుని, హారికను, దాని చెల్లెలు చిన్నిని వెంటబెట్టుకుని బయలుదేరాను. ధర్మవరంలో నేను పుట్టి పెరిగిన పేటే ఇది. ఇప్పటికీ ఉంటున్న ఇల్లూ అదే. అయినా చేతిలో కాగితం, పెన్సిలు ఉండేసరికి ఏదో కొత్త ఊరు చూడబోతున్నట్టు అనిపించింది.

హారికకు పదేళ్ళు. అన్నీ వరసలో ఉండాలి దానికి. చిన్నికి ఆరేళ్ళు, దానికి వరసా గిరసా ఏమీ అక్కర్లేదు, కనిపించిన ప్రతి అరుగూ ఎక్కి దూకాలి. మా గడప దాటి వీధిలోకి వచ్చామో లేదో చిన్ని అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎవరు నేర్పారో తెలియదు, పిల్లలకు అది పుట్టుకతో వస్తుందేమో. బోరింగు దగ్గరికి వచ్చేసరికి "తొంభై ఒకటి" అని గట్టిగా అరిచింది. ఆ బోరింగులో నీళ్ళు రావడం మానేసి ఏళ్ళయింది, దాని పిడి కూడా ఎవరో పట్టుకుపోయారు. "పెద్దోళ్ళ అడుగులతో అయితే నలభై రెండే" అన్నాను. "నువ్వెప్పుడు కొలిచినావవ్వా?" అని హారిక నిలదీసింది. నేను కొలవలేదు, మా నాయన కొలిచాడు అని చెప్పాను. ఆ నలభై రెండు నా నాలుక మీద అంత భద్రంగా ఉందని నాకే తెలియదు.

మా నాయన నేతగాడు. ఇంటి ముందు గదిలో గుంత మగ్గం, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని పొద్దున్నుంచి మాపటి దాకా కూర్చునేవాడు. ఇల్లంతా ఉడికిన పట్టు వాసన, దానిలోకి అమ్మ నూరే ఊరిబిండి పచ్చడి వాసన కలిసిపోయి, ఏది తిండి వాసనో ఏది పని వాసనో మాకు తేడా తెలిసేది కాదు. మగ్గం ఎక్కడానికి ముందు, ఎండ ఇంకా చల్లగా ఉన్నప్పుడు, నాయన నన్నూ మా చెల్లెలినీ వెంటబెట్టుకుని పాలకు బయలుదేరేవాడు. పాలమ్మే ఇల్లు పేటకు ఆ చివర ఉండేది. దగ్గరి దారిలో పోతే ఎంతసేపు? నాయన మాత్రం రోజుకో సందు తిప్పేవాడు. "ఈ మలుపుకాడికి ఎన్నడుగులు, చెప్పండి చూద్దాం" అనేవాడు. "ఈ ఇంటికి మెట్లు ఎన్ని? ఆ గోడ ఏం రంగు? కుక్క యాడ పండుకొనుండాది?" అని అడుగుతూనే ఉండేవాడు. మేము పోటీలు పడి చెప్పేవాళ్ళం. తక్కిన నాయనలు పిల్లలను పలకరించడానికే తీరిక లేని రోజుల్లో, మా నాయన మాతో ఆటలాడుతూ పేటంతా చూపిస్తున్నాడని నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఇప్పుడు దాచేదేముంది? అప్పటికే నాయనకు చూపు పోతోంది. పక్క చూపూ కింది చూపూ ముందు పోయి, నడిమధ్య ఒక గుండ్రం మాత్రం మిగిలింది. దూరంగా కొండ కనిపించేది, మోకాలి దగ్గర రాయి కనిపించేది కాదు. పేటను మాకు చూపించడం కాదు, ఆ మిగిలిన గుండ్రం కూడా మూసుకుపోయేలోగా పేటనంతా తన కాళ్ళకు నేర్పించుకుంటున్నాడు. అమ్మకు కూడా చెప్పలేదు. చెబితే ఆ మాట షావుకారు చెవిన పడుతుంది. పట్టు ఇచ్చేదీ, నేసిన చీర తీసుకునేదీ షావుకారే. కళ్ళు కనపడనివాడికి ఎవడు పట్టు ఇస్తాడు? మగ్గం పోతే నాయనకు ఇంకో పని రాదు. వానలు లేక చెరువు అడుగున పశువులు మేస్తున్న ఏడాది అది, కూలికి పోదామన్నా చేలల్లో పని లేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తొమ్మిదేళ్ళ పిల్లకు అప్పుడు తెలిసిందల్లా, మా నాయన మంచి ఆటగాడని.

ఆ రోజుల్లో మా వీధుల్లో పొద్దున్నే పడుగులు పట్టేవారు. పడుగంటే చీరకు నిలువునా పోయే పోగులు, వేలకు వేలు. వాటిని వీధి పొడవునా కర్రల మీద నడుమెత్తున సాగదీసి, తెగినవి అతికి, చిక్కులు తీసి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. పడుగు పట్టిన వీధిలో బండి రాకూడదు, ఆవు రాకూడదు. దాని కింద నుంచి దూరి పోవడం అంటే నేసేవాడి తల మీద కాలు పెట్టినంత తప్పు. ఎంత దూరమైనా చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఇంకో కట్టుబాటు ఉండేది. పడుగు వైపు ఎవరైనా వస్తుంటే, చూసినవాళ్ళు ఎవరైనా సరే "పడుగప్పా, పడుగు!" అని అరవాలి. పగవాడు వస్తున్నా అరవాలి. మాకు మాటలు రావడంతోటే నేర్పిన మాటల్లో అది ఒకటి. ఇప్పుడు ఆ పనంతా ఊరి బయట షెడ్లలో జరిగిపోతోంది. మోటారు సైకిళ్ళు తిరిగే ఈ వీధిలో పట్టుపోగు సాగదీయడం ఎవరి తరం?

ఒకనాడు షావుకారు మా ఇంటికొచ్చి మగ్గం మీది చీరను వేలితో మీటి చూశాడు. చూసి, ముఖం అటూ ఇటూ తిప్పి, మళ్ళీ చూశాడు. "ఏమప్పా, ఇదేంది? వంకాయ రంగు నేసేకాడ నేరేడుపండు రంగు నేసినావే జానెడు! ముప్పై ఏండ్లు నేసినోడివి, ఇదేం పని?" అన్నాడు. రెండూ దగ్గరి రంగులే, కానీ నేతగాడు పొరబడే రంగులు కావు. నాయన గుంతలో అట్లాగే కూర్చుని, చేతులు చీర మీద పెట్టుకుని, "పాప కండెలు కలిపేసినాది సామీ. నేను చూసుకోలే" అన్నాడు. నేను రంగు పట్టు చుట్టిన ఆ కండెల బుట్ట వైపు రెండు రోజులుగా పోలేదు. షావుకారు వెళ్ళిపోయాక అమ్మ నా వీపు మీద రెండు వేసింది. "ఎన్నిసార్లు చెప్పినా నీ చేతులు ఊరికే ఉండవా మే? మన నోట్లో సంగటి పోతాదనే బయమన్నా లేదా నీకు?" అని ఏడుస్తూ వేసింది. నేను నాయన వైపు చూశాను. ఆయన తల తిప్పలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆ కోపం ఎంతదంటే, ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

మర్నాడు పొద్దున మామూలుగానే పాలకు బయలుదేరాం. చెల్లెలు గిన్నె మోగించుకుంటూ వెనకబడింది. నాయన నా భుజం మీద చెయ్యి వేయబోతే నేను పక్కకు జరిగాను. ఆయన లెక్క మొదలుపెట్టాడు. మా సందు చివర అడ్డవీధిలో నారాయణప్ప మామ పడుగు పట్టాడు. అప్పుడే పెళ్ళయిన కుర్రవాడు, సొంతంగా మగ్గం వేసుకున్నాక ఆయన పట్టిన మొదటి పడుగు అది. మిరపపండు రంగు. మా సందు నోటికి అడ్డంగా, నా ఛాతీ ఎత్తున, పొద్దుటి ఎండలో మెరుస్తోంది. మామ దూరంగా ఆ కొసన ఉన్నాడు. నేను చూశాను. పది అడుగుల ముందే చూశాను. నాయన కొండవైపే చూస్తూ, లెక్కలో మునిగి, "ముప్పై అయిదు, ముప్పై ఆరు" అంటూ నడుస్తున్నాడు. ఆగుతాడులే అనుకున్నానా? లేదు. అబద్ధం ఎందుకు, తగులుకోనీ అనుకున్నాను. నా మీద వేశావు కదా, ఇప్పుడు నువ్వు తిట్లు తిను అనుకున్నాను. నోటి దాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య నొక్కిపెట్టాను.

జొన్నపేలాలు వేగినట్టు చిటచిటమని చప్పుడు. నాయన పడుగులోకి నడుము దాకా దూరిపోయి, చేతులు ముందుకు చాచి, ఏమైందో తెలియక గుంజుకున్నాడు. ఇంకొన్ని తెగాయి. అప్పుడు తెలిసింది ఆయనకు తాను ఎందులో ఉన్నాడో. అక్కడే, ఎట్లా ఉన్నవాడు అట్లాగే, బొమ్మలా ఆగిపోయాడు. నేతగాడికి పడుగు అంటే ఏమిటో ఎరిగినవాడు ఆగినట్టు ఆగాడు. ఆ ముఖం చూసి నా కోపం ఏమైపోయిందో తెలియదు.

నారాయణప్ప మామ పరుగెత్తుకొచ్చాడు. "ఎవుర్రా అది!" అంటూ వచ్చినవాడు నాయనను చూసి నోరు తెరిచాడు. "నువ్వా అన్నా! మగ్గం కాడ పుట్టినోడివి, పడుగులో పడ్తివేందన్నా?" ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. ఎదురింటి ముసలామె నన్ను చూసి, "ఏమే, పక్కనే ఉండావు కదా! పడుగని అరవలేదా నువ్వు?" అంది. అందరూ నా వైపు తిరిగారు. మా చెల్లెలు కూడా తిరిగింది. నేను నేల చూస్తున్నాను. అప్పుడు నాయన మాట్లాడాడు. పడుగులోంచి కదలకుండానే మాట్లాడాడు. "అరిచినాది. పాప అరిచినాది. నేనే ఇనుకోలే" అన్నాడు. కాస్త ఆగి, "నాకు కండ్లు కనపడ్డంలేదప్పా. శానా దినాలాయ" అన్నాడు. కట్టుకున్న భార్యకు కూడా ఏడాదిగా చెప్పని మాటను, నా మీదికి వచ్చిన మాటను తప్పించడానికి నడివీధిలో చెప్పేశాడు.

ఆ తర్వాత ఆయన "ఎవురన్నా రవ్వంత విబూది తెండి" అన్నాడు. తెచ్చి ఇచ్చారు. పోగు జారకుండా వేళ్ళకు విభూతి అద్దుకుని, అక్కడే మట్టిలో కూర్చుని, తెగిన పోగు కొసలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ అతకడం మొదలుపెట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసలు పెట్టి ఒక్కసారి నలిపితే అంతే, అతుకు ఎక్కడుందో కనపడదు. కళ్ళు పైకెత్తి కొండవైపు పెట్టాడు, వేళ్ళు మాత్రం కింద పనిచేస్తున్నాయి. ఎండ ముదురుతోందని నారాయణప్ప మామా, ఆయన భార్యా దుప్పటి పట్టుకుని నీడ చేశారు. చివరి పోగు అతికాక మామ పడుగును అరచేతితో నిమిరి చూసి, "కండ్లున్నోళ్ళకు గూడా ఇంత నున్నగా రాదన్నా" అన్నాడు. తిట్టు కాదు కదా, గట్టిగా ఒక్క మాట అనలేదు.

ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు నాయన అడిగాడు, "పడుగు ఏం రంగు పాపా?" అని. "మిరపపండు రంగు" అన్నాను. మా ఇంటి మెట్టు ఎక్కేముందు, "నిన్న కండెలు నువ్వు కలపలేదని మీ అమ్మతో చెప్తాలే" అన్నాడు. ఆ సాయంత్రమే చెప్పాడు కూడా. తన కళ్ళ సంగతీ, ఆ అబద్ధం సంగతీ, అన్నీ చెప్పాడు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది. ఆయన తన అబద్ధం దిద్దుకున్నాడు. నేను మాత్రం వీపు నిమిరించుకుని నోరు మూసుకున్నాను.

వారం తిరక్కముందే షావుకారు పట్టు ఆపేశాడు. మగ్గం మీద గుడ్డ కప్పారు. అమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టేది. నెల రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నెల తర్వాత నారాయణప్ప మామ మా గుమ్మంలో నిలబడి, "అన్నా, చీర అయిపాయ. కొత్త పడుగు అతకల్ల. నీ చెయ్యి అయితేనే బాగుంటాది, రా" అన్నాడు. మగ్గం మీది పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను పోగుకు పోగు అతికే పని అది. చూపు కంటే వేళ్ళతో ఎక్కువ పని. మామ ఇంటి తర్వాత పక్కిల్లు, ఆ తర్వాత ఇంకో వీధి. ఏడాది తిరిగేసరికి పేటలో ఎవరికి పడుగు అతకాల్సి వచ్చినా మా నాయననే పిలిచేవాళ్ళు. నడిచి పోయేవాడు. ఏ ఇంటికి ఎన్ని అడుగులో, ఎన్ని మెట్లో ఆయన కాళ్ళకు తెలుసు. బడి లేని రోజుల్లో నేనూ చెల్లెలూ వెంట పోయేవాళ్ళం. ముందు రాయి ఉంటే చెప్పేదాన్ని, కాలువ ఉంటే చెప్పేదాన్ని, పిల్లి అడ్డం వచ్చినా చెప్పేదాన్ని. "అన్నీ చెప్పాల్సిన పన్లే పాపా" అని నవ్వేవాడు. నేను వినేదాన్ని కాదు. ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నాను, ఆ ఒక్కటి తప్ప.

ఆదివారం నాడు మేము ముగ్గురం ఆ సందు చివరికి చేరేసరికి నారాయణప్ప మామ అరుగు మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. లోపల ఆయన మనవడి కరెంటు మగ్గం దడదడమంటోంది. "ఈడ ఏం గీయాలవ్వా?" అని హారిక పెన్సిలు పట్టుకుని నిలబడింది. బోరింగు గీసింది, పిండిమర గీసింది, సెల్‌ఫోన్ల అంగడి గీసింది. ఇక్కడ ఏముంది గీయడానికి? ఒక మలుపు, ఒక కరెంటు స్తంభం. ఏమీ లేదమ్మా, పోదాం పద అని ఉండొచ్చు. రోజూ అట్లాగే పోతున్నాను ఇన్నేళ్ళుగా. ఎందుకో ఆ పిల్ల అంత శ్రద్ధగా అడిగేసరికి దాటిపోవడానికి మనసొప్పలేదు. మామ పక్కనే అరుగు మీద కూర్చుని, పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను. పడుగు అంటే ఏమిటో, అరవడం అంటే ఏమిటో, కండెలు, దెబ్బలు, అన్నీ. చివరికి మామ వైపు తిరిగి, "ఆ పొద్దు నేను అరవలేదు మామా. చూసి కూడా అరవలేదు. మా నాయన అబద్ధం చెప్పినాడు" అన్నాను.

మామ నా వైపు వింతగా చూశాడు. "ఇది నాకు చెప్తాండావా నువ్వు?" అన్నాడు. "ఆ కొసన నిలబడి చూస్తాండ్లా నేను? పడుగును చూసినావు, మీ నాయన్ను చూసినావు, మల్ల నేలను చూసినావు. నేను అరిచేలోగానే అయిపాయ."

"మరి ఆ పొద్దు ఎందుకు అనలేదు?"

"అరిచినాదని మీ నాయన అనె కదా. అంత మందిలో ఆయప్ప మాట ఎట్ల కొట్టేస్తానమ్మా నేను?"

అడగాలని లేదు, అయినా అడిగాను. "మా నాయనకు తెలుసంటావా మామా?"

"తెల్దా మల్ల! పోయింది కండ్లే గానీ చెవులు కాదు కదా" అన్నాడు మామ. అని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నా వేళ్ళ కొసలు నలిపి చూశాడు, పోగులు అతికి చూసినట్టు. నాకు ఏడుపు ఆగలేదు. అరవై అయిదేళ్ళ ముసలిదాన్ని, ఇద్దరు మనవరాళ్ళ ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. చిన్ని వచ్చి నా కొంగుతో నా ముఖమే తుడిచి, "ఊరుకో అవ్వా, మీ నాయన కొట్టడులే" అంది.

తిరుగుదారిలో చిన్ని మా ముందు పరుగెత్తుతూ, ఎదురొస్తున్న మోటారు సైకిల్‌కు రెండు చేతులూ అడ్డం చాచి "పడుగప్పా, పడుగు!" అని అరిచింది. నడివయసు మనిషి. గబుక్కున బ్రేకు వేసి, కాలు కింద పెట్టి, వీధంతా ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ఏమీ లేదని తెలిశాక కూడా వెంటనే కదలలేదు. "ఎవురి పాపమ్మా ఇది?" అని నవ్వి, మెల్లగా పోయాడు. పాత రోజులే మంచివని నేను అనను. కుళాయిలో నీళ్ళొస్తున్నాయి, ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది, ఇప్పుడైతే మా నాయన కళ్ళను అనంతపురంలో చుక్కల మందు వేసి కొంతైనా నిలిపి ఉండేవాళ్ళు. కానీ తలుపులన్నీ మూసి ఉన్న ఈ వీధిలో ఇప్పుడు ఒక మనిషి గుడ్డిగా నడిచిపోతుంటే, అరవాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు.

సాయంత్రం హారిక చార్టు మీద రంగులు వేసింది. మా ఇల్లు, బోరింగు, పిండిమర, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. సందు చివర మలుపులో ఎర్ర స్కెచ్‌పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఇక్కడ అవ్వ చెప్పలేదు." మా కోడలు చదివి కంగారుపడి, "ఇదేంటత్తా, చెరిపేయమని చెప్పనా? బడిలో గోడకు తగిలిస్తారంట, అందరూ చదువుతారు" అంది.

"చదవనీ" అన్నాను.